అలాస్కా క్రూజ్‌లో రేవు రేవుకీ పక్షులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్ళిన తల్లిదండ్రులకు ఈమధ్య నయాగరాతో పాటు అలాస్కా క్రూజ్ కూడా మొక్కుబడిలా తయారైంది. సియాటిల్‌లో ఓడ ఎక్కి, ఏడు రోజులు ఆగ్నేయ అలాస్కా తీరం వెంట తిరిగి, మళ్ళీ సియాటిల్‌లోనే దిగడం. నేను రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి మే నెలాఖరున, ఒకసారి ఆగస్టులో. కొల్లేరు, నేలపట్టు తిరిగిన అలవాటు కొద్దీ మెడలో బైనాక్యులర్ వేలాడుతూనే ఉంది. తిరిగి వచ్చాక బంధువులు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు అడిగిన ప్రశ్నలకు విడివిడిగా ఫోన్లలో చెప్పీ చెప్పీ అలసిపోయి, అన్నిటినీ ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఓడ ఒక్కో రేవులో ఆరేడు గంటలే ఆగుతుంది. అంతలో ఏం చూడగలం?

ఇదే బాధ 1741లో ఒకాయన పడ్డాడు. బేరింగ్ అనే నావికుడి నాయకత్వంలో రష్యా నుంచి బయలుదేరిన ఓడలో స్టెల్లర్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. అలాస్కా తీరంలోని కయాక్ దీవి దగ్గర మంచినీళ్ళ కోసం ఓడ ఆగినప్పుడు అతనికి ఒడ్డున తిరగడానికి దొరికింది పది గంటలే. పదేళ్ళ సన్నాహమంతా ఈ పది గంటల కోసమా అని మండిపడ్డాడు. ఆ కాస్త సమయంలోనే అతని సహాయకుడు తల మీద కుచ్చు ఉన్న నీలిరంగు పక్షిని ఒకదాన్ని కొట్టి తెచ్చాడు. దాన్ని పోలిన పక్షి బొమ్మను స్టెల్లర్ అంతకుముందే అమెరికా పక్షుల పుస్తకంలో చూసి ఉన్నాడు. తాము చేరింది అమెరికాకే అన్న నమ్మకం అతనికి ఆ పక్షిని చూశాకే కుదిరింది. దాని పేరు ఇప్పుడు స్టెల్లర్స్ జే. ఓడ ఆగే జూనోలోనో, కెచికాన్‌లోనో దేవదారు చెట్ల కింద పది నిమిషాలు నిలబడితే గరగరమని అరుస్తూ మీకూ ఎదురవుతుంది.

సమయం సరిపోతుంది, దాన్ని నాలుగు చోట్లకు పంచుకోకపోతే. రేవుకు ఒక్క చోటు ఎంచుకోండి. రానూపోనూ ప్రయాణం పోగా కనీసం రెండు గంటలు అక్కడే ఉండండి. మొదటి యాత్రలో జూనోలో ఒకే పూట గ్లేసియరు (మంచునది), కేబుల్ కారు, చేపల కేంద్రం, బజారు అన్నీ చుట్టేద్దామని పరిగెత్తి, చివరికి బస్సు కిటికీలోంచి చూసిన కాకులనే లెక్క రాసుకున్నాను.

ఏ నెలలో వెళితే మంచిది?

క్రూజ్ ఓడలు సుమారుగా ఏప్రిల్ నెలాఖరు నుంచి అక్టోబరు దాకా తిరుగుతాయి. పక్షుల కోసమే అయితే మే మూడో వారం నుంచి జూలై మొదటి వారం వరకు. అప్పుడు అడవి పక్షులు పాడుతూ ఉంటాయి, ఆర్కిటిక్ టెర్న్‌లు గూళ్ళ మీద ఉంటాయి, హమ్మింగ్‌బర్డ్‌లు ఇంకా వెళ్ళిపోవు. జూన్‌లో జూనోలో నాలుగు కాకముందే తెల్లవారుతుంది, రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది.

ఆగస్టుకి అడవి మూగబోతుంది. కానీ వాగుల్లోకి సాల్మన్ చేపలు ఎగబాకుతాయి, వాటి కోసం గద్దలు, గల్‌లనే సముద్రపు పక్షులు, కాకులు, ఎలుగుబంట్లు అన్నీ అక్కడికే చేరతాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఆగస్టే ఎక్కువ నచ్చుతుందేమో.

తెల్ల తల గద్ద నిజంగా కనిపిస్తుందా?

కనిపించకుండా తప్పించుకోవడమే కష్టం. అమెరికా జాతీయ చిహ్నంలో ఉన్న బాల్డ్ ఈగిల్ ఇదే. దీపస్తంభాల మీద, పడవల తెరచాప కొయ్యల మీద, రేవు పక్కన చెట్ల చిటారు కొమ్మల మీద కూర్చుని ఉంటుంది. ముదురు పచ్చని కొండవాలులో తెల్లటి చుక్క ఒకటి కనిపిస్తే ముందు దాన్నే అనుమానించండి. మన గోదావరి, కృష్ణా తీరాల్లో తిరిగే గరుడ పక్షికి కూడా తల తెలుపే కాబట్టి, మనవాళ్ళు చూడగానే "అరె, మన గరుడుడే" అంటారు. పక్కపక్కన పెడితే మన గరుడ పక్షి పిల్లలా ఉంటుంది. ఈ గద్ద రెక్కలు చాపితే రెండు మీటర్లు.

ఇక దాని గొంతు. సినిమాల్లో గద్ద కనబడగానే వినిపించే ఆ గంభీరమైన కేక దీనిది కాదు, రెడ్ టెయిల్డ్ హాక్ అనే మరో పక్షిది. ఈ మహారాజు అరుపు కీచుకీచుమంటూ కోడిపిల్ల గొణిగినట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను చెట్టు మీద ఇంకేదో పక్షి ఉందనుకుని పావుగంట వెతికాను.

చేపలు తినేస్తోందని 1917 నుంచి 1950ల తొలి ఏళ్ళ దాకా అలాస్కాలో దీన్ని చంపినవారికి బహుమానం ఇచ్చేవారు. అలా లక్షకు పైగా గద్దలు పోయాయి. అదే గద్దను 2024 డిసెంబరులో అధికారికంగా జాతీయ పక్షిగా ప్రకటించారు.

గద్ద ఆకారమే, కానీ తల తెల్లగా లేదు. అది గోల్డెన్ ఈగిలా?

ఈ తీరంలో నూటికి తొంభై పాళ్ళు అది బాల్డ్ ఈగిల్ పిల్లే. తల, తోక పూర్తిగా తెల్లబడటానికి వాటికి అయిదేళ్ళు పడుతుంది. అప్పటిదాకా గోధుమ రంగు మీద తెల్లని మచ్చలతో, ఎవరో సున్నం చిమ్మినట్టు ఉంటాయి.

హెయిన్స్ దగ్గర వేల గద్దలు ఒకేచోట చేరతాయట. అది చూడగలమా?

వేసవి క్రూజ్‌లో కాదు. చిల్కాట్ నది దగ్గర ఆ జాతర జరిగేది అక్టోబరు నుంచి చలికాలంలోకి. మిగతా నీళ్ళన్నీ గడ్డకట్టినా అక్కడ నది గడ్డకట్టదు, ఆలస్యంగా వచ్చే సాల్మన్ చేపలు దొరుకుతాయి. ఆ సమయానికి మీ ఓడ కరీబియన్ సముద్రంలోనో ఇంకెక్కడో ఉంటుంది.

ఏ రేవులో ఎక్కడికి వెళ్ళాలి?

అన్నిటికంటే ముందు జూనో. మెండెన్‌హాల్ గ్లేసియర్ ఊరికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరం. రేవు దగ్గరే షటిల్ బస్సులు దొరుకుతాయి. నగర బస్సు చవక, కానీ గ్లేసియర్ దాకా వెళ్ళదు, దిగాక రెండు కిలోమీటర్ల పైన నడవాలి. అక్కడ అందరూ జలపాతం వైపు నడుస్తారు. మీరు ముందు ఫొటో పాయింట్ అనే చిన్న బాట పట్టండి. సరస్సు ఒడ్డున ఇసుక, గులకరాళ్ళ మీద ఆర్కిటిక్ టెర్న్‌లు గూడు పెడతాయి. నల్లటి టోపీ, ఎర్రటి ముక్కు, కత్తెర తోక. వంద గ్రాముల చిల్లర బరువున్న ఈ పక్షి ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి అంటార్కిటికా దాకా వెళ్ళి ఏడాదిలోగా తిరిగి వస్తుంది. గ్రీన్‌లాండ్ పక్షులకు పరికరాలు కట్టి చూస్తే ఆ రానూపోనూ సగటున 70,000 కిలోమీటర్లు తేలింది. అంత దూరం నుంచి వచ్చిన ప్రాణి ఒక చిన్న చేపను ముక్కున కరుచుకుని, గూటి మీద కూర్చున్న జంటకు అందించడం చూశాను. గ్లేసియర్ ఫొటో తీయడం మరిచిపోయానని మా అమ్మాయి ఇప్పటికీ దెప్పుతుంది. గూళ్ళ వైపు మాత్రం కట్టిన హద్దు దాటకండి. దాటితే ఆ ముక్కుతో నెత్తి మీద పొడుస్తాయి.

రెండోసారి జూనో వెళ్ళేవాళ్ళకు, గ్లేసియర్ మోజు తీరినవాళ్ళకు విమానాశ్రయం పక్కన ఉన్న గట్టు బాట. మెండెన్‌హాల్ చిత్తడి నేలలను ఆనుకుని చదునుగా సాగుతుంది. ఆటుపోట్లను బట్టి బాతులు, ఉల్లంకులు, కొంగలు. మన పులికాట్ గట్టు మీద నడిచినవాళ్ళకు ప్రాణం లేచివస్తుంది.

కెచికాన్‌లో చాలా ఓడలు దిగితే ఊళ్ళోనే దిగినట్టు. పది నిమిషాలు నడిస్తే క్రీక్ స్ట్రీట్, వాగు మీద కొయ్యల వంతెన. వాన గురించి ముందే చెబుతున్నాను: అక్కడ ఏడాదికి పడే వాన హైదరాబాద్ వానకు నాలుగింతల పైమాటే. మే, జూన్‌లలో సాల్మన్‌బెర్రీ పొదల గులాబీ రంగు పూల దగ్గర రూఫస్ హమ్మింగ్‌బర్డ్ కోసం చూడండి. మన తేనెపిట్టను చూసి హమ్మింగ్‌బర్డ్ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ అసలు హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. ఇది మూడున్నర గ్రాములు, సన్నపాటి బంగారు ఉంగరమంత. చలికాలాన్ని మెక్సికోలో గడిపి ఇంత దూరం వస్తుంది.

సిట్కాలో చాలా ఓడలు ఊరికి దూరంగా ఆగుతాయి, బస్సులో ఊళ్ళోకి తీసుకువస్తారు. టోటెమ్ స్తంభాల (మూలవాసులు బొమ్మలు చెక్కిన కొయ్య స్తంభాలు) ఉద్యానవనంలో అడవి బాట చదునుగా, నీడగా ఉంటుంది. ఈల వేసినట్టు ఒకే స్వరం లాగి వదిలే పక్షి వినిపిస్తే అది వేరీడ్ థ్రష్. దగ్గరలోనే గాయపడిన గద్దలకు, గుడ్లగూబలకు చికిత్స చేసే రాప్టర్ సెంటర్ ఉంది. బోనులో పక్షిని చూడటం నాకు ఇష్టం ఉండదు గానీ, కాలి గోళ్ళ సైజు అంత దగ్గరగా చూశాక ఆ అభిప్రాయాన్ని కాస్త సడలించుకున్నాను.

స్కాగ్వేలో అందరూ రైలెక్కుతారు. ఎక్కండి, మంచి రైలు. ఎక్కనివాళ్ళు నది మీద కాలిబాట వంతెన దాటి యాకుటానియా పాయింట్‌కి నడవవచ్చు. ఊళ్ళో వాగుల్లో డిప్పర్ అనే బూడిద రంగు పిట్ట నీళ్ళ అడుగున నడుస్తూ పురుగులు ఏరుకుంటుంది.

కెనడాలోని విక్టోరియాకు ఓడ చాలాసార్లు సాయంత్రమే చేరుతుంది. అక్కడ బస్సు కూడా అక్కర్లేదు. ఓడరేవు పక్కనే ముప్పావు కిలోమీటరు పొడవున ఓగ్డెన్ పాయింట్ అలల అడ్డుగోడ ఉంది. నల్లటి ఒంటికి ఎర్రటి కాళ్ళున్న పిజన్ గిల్లెమాట్‌లు దాని పక్కనే ఈదుతూ ఉంటాయి.

విక్టోరియాలో దిగకపోతే వీసా అక్కర్లేదు కదా?

దిగినా దిగకపోయినా ఓడ కెనడాలో ఆగుతుంది. భారత పాస్‌పోర్టు మీద వెళ్ళేవారికి కెనడా వీసా ఉండాలి, తిరిగి రావడానికి అమెరికా వీసా కూడా చెల్లుబాటులో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు నియమాలు వేరు. టికెట్ కొనకముందే చూసుకోండి. అసలు సియాటిల్ ఓడలు విక్టోరియాలాంటి కెనడా రేవును తాకడం ఎందుకంటే, విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో విదేశీ రేవు తగలకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. ఆ పాత చట్టం పుణ్యమా అని మనకు గిల్లెమాట్‌లు.

పఫిన్‌లు కనిపిస్తాయా?

రేవుల్లో కాదు. గ్లేసియర్ బే రోజున, ఓడ ఎక్కడా ఆగని రోజున. రోజుకు రెండు పెద్ద ఓడలనే ఆ ఉద్యానవనంలోకి రానిస్తారు. పార్కు రేంజర్లు పొద్దున్నే చిన్న పడవలో వచ్చి మన ఓడ ఎక్కి మైకులో అన్నీ చెబుతారు. సౌత్ మార్బుల్ దీవి దగ్గరికి రాగానే చూపు రాళ్ళ మీద కాకుండా నీళ్ళ మీద పెట్టండి. నల్లటి ఒళ్ళు, తెల్లటి ముఖం, నారింజ రంగు మందపాటి ముక్కు, చెవుల వెనక పసుపు కుచ్చులు. పెళ్ళికి ముస్తాబై వచ్చినట్టుండే ఈ పక్షి టఫ్టెడ్ పఫిన్. దూరం ఎక్కువ, బైనాక్యులర్ లేకపోతే నల్ల చుక్కే. దీవి వచ్చేది పొద్దుటి పూట, సరిగ్గా అందరూ ఫలహారాల దగ్గర వరుసలో నిలబడే సమయం. ఒక అరటిపండు జేబులో వేసుకుని డెక్ మీదికి వచ్చేయండి.

దగ్గరగా చూడాలంటే సిట్కా నుంచి సెయింట్ లాజారియా దీవి వైపు వెళ్ళే చిన్న పడవలు ఉన్నాయి. 1909 నుంచీ అది సముద్ర పక్షుల అభయారణ్యం. అలలు గట్టిగా ఉంటాయి, కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్ళు ముందే మాత్ర వేసుకోవాలి. క్రూజ్‌లో డబ్బు పెట్టి కొనదగ్గ పక్షి యాత్ర నా దృష్టిలో ఇదొక్కటే. మిగతా చోట్ల కాళ్ళు చాలు.

ఓడ మీద ఎక్కడ నిలబడాలి? బాల్కనీ గది తీసుకోవాలా?

పై డెక్ మీద నుంచి చూస్తే పక్షి నెత్తి మాత్రమే కనబడుతుంది, గాలి కూడా ఎక్కువ. ఓడ చుట్టూ నడిచే కింది డెక్, వీలైతే ముందు భాగం. బాల్కనీ అయితే ఒకవైపే కనబడుతుంది, పక్షి ఎప్పుడూ రెండోవైపే వస్తుంది. ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్ కొనండి.

తెల్లవారుజామున డెక్ మీద ఎవరూ ఉండరు. అప్పుడే నీటి మీద జంటలు జంటలుగా చిన్న గుండ్రటి పక్షులు ఓడ దగ్గరికి రాగానే మునిగిపోతూ కనిపిస్తాయి. అవి మార్బుల్డ్ మర్రెలెట్‌లు. వీటి గూడు ఎక్కడ ఉంటుందో శాస్త్రవేత్తలకు చాలాకాలం అంతుపట్టలేదు. 1974లో కాలిఫోర్నియాలో ఒక మహావృక్షం కొమ్మ మీద, నాచులో దొరికింది. చేపలు తిని బతికే సముద్ర పక్షి అడవిలో చెట్టెక్కి గుడ్డు పెడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

బైనాక్యులర్ ఏది కొనాలి? ఫోన్ కెమెరా సరిపోదా?

8×42, అంటే ఎనిమిదింతలు పెద్దదిగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పదింతలు చూపించేవి వద్దు, ఓడ ఇంజను అదురుకు, గాలికి చేతిలో బొమ్మ నిలవదు. నీళ్ళు చొరబడనిదై ఉండాలి. ఫోన్ కెమెరా గ్లేసియర్లకు, మనవళ్ళకు.

ఓడలో ఇంటర్నెట్ ఖరీదు. పక్షి పేరు ఎలా తెలుస్తుంది?

కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ యాప్ ఉచితం. ఇంట్లో ఉండగానే ఆ ప్రాంతపు పక్షుల ప్యాక్ దించుకుంటే నెట్ లేకుండానే బొమ్మలు చూపిస్తుంది, అరుపు విని పేరు కూడా చెబుతుంది. అరుపు విషయంలో దాన్ని దేవుడిలా నమ్మకండి, పక్షి కంటబడ్డాకే రాసుకోండి. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ అనే సైటులో జాబితా పెట్టేవాళ్ళు ఓడ కదులుతున్నప్పుడు గంటకో కొత్త జాబితా మొదలుపెట్టాలి, లేకపోతే పొద్దున ఒకచోట చూసిన పక్షి రాత్రికి మరోచోట తేలుతుంది.

ఇదే సందర్భంలో గడియారం మాట. అలాస్కా సమయం సియాటిల్ కన్నా గంట వెనక. ఫోన్ తనంతట తను మార్చుకుంటుంది, ఓడ మాత్రం తన సమయం ప్రకారమే బయలుదేరుతుంది. రెండూ ఒకటేనని నేను అనుకుని, స్కాగ్వే రేవులో జీవితంలో ఎన్నడూ పరిగెత్తనంతగా పరిగెత్తాను. దిగేముందు చేతి గడియారాన్ని ఓడ సమయానికి పెట్టుకోండి.

ఈ గల్ పక్షులన్నీ ఒకేలా ఉన్నాయి. ఎలా గుర్తుపట్టాలి?

అన్నిటినీ గుర్తుపట్టాలని పెట్టుకోకండి, యాత్ర అయిపోతుంది. రెండు చాలు. రేవులో తిరిగే పెద్దది, రెక్కల చివర కూడా వీపులాగే బూడిద రంగులో ఉంటే గ్లాకస్ వింగ్డ్ గల్. గ్లేసియర్ దగ్గర కొండరాళ్ళ మీద గుంపుగా ఉండి, రెక్కల చివరలు కాటుకలో ముంచి తీసినట్టుంటే కిట్టివేక్.

ఇంత పెద్ద కాకి ఏమిటి?

రేవెన్. మన బొంతకాకి కంటే బాగా పెద్దది, ఎగిరేటప్పుడు తోక చివర కోసుగా ఉంటుంది, గొంతులో నీళ్ళు పోసుకుని పలికినట్టు రకరకాల శబ్దాలు చేస్తుంది. దీన్ని తేలిగ్గా చూడకండి. అక్కడి మూలవాసులైన ట్లింగిట్ ప్రజల సమాజమే రెండు భాగాలు, రేవెన్, ఈగిల్ అని. తల్లిది ఏ భాగమైతే బిడ్డదీ అదే. సంప్రదాయం ప్రకారం రేవెన్ వారు ఈగిల్ వారినే పెళ్ళాడాలి. సగోత్రం పనికిరాదన్న మాట వింటూ పెరిగిన మనకు టోటెమ్ స్తంభం ముందు గైడు చెప్పేది చప్పున అర్థమవుతుంది.

అడవి బాటలో ఎలుగుబంటి ఎదురైతే?

ఎదురుకాకుండా చూసుకోవడమే పద్ధతి. మాట్లాడుకుంటూ నడవమని అక్కడివాళ్ళే చెబుతారు. ఈ విద్య మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కనబడితే పరిగెత్తకండి, వెనక్కి వెనక్కి నడుస్తూ దారి ఇవ్వండి. వాగు చప్పుడు గట్టిగా ఉన్నచోట, మలుపుల్లో పక్షి కోసం మౌనంగా నిలబడాలన్న కోరికను కాస్త అదుపులో పెట్టుకోండి.

బట్టలు?

జూన్‌లో కూడా పగలు పది, పదిహేను డిగ్రీలు. టోపీ ఉన్న వాన కోటు కావాలి, గొడుగుతో బైనాక్యులర్ పట్టలేరు. తెల్లవారుజామున డెక్ మీదికి మంకీ క్యాప్ పెట్టుకోవడానికి మొహమాటపడకండి. మన పెద్దవాళ్ళు మోసుకొచ్చే ఆ టోపీకి అక్కడ దొరికే గౌరవం ఇంకెక్కడా దొరకదు.

రాత్రి బాల్కనీలో ఒక పక్షి వచ్చి పడింది. ఏం చేయాలి?

ఓడ దీపాలకు దారి తప్పిన స్టార్మ్ పెట్రెల్ అయి ఉండవచ్చు, గోరువంకంత బూడిద రంగు పక్షి. చేత్తో పట్టుకుని సముద్రంలోకి విసరకండి. సిబ్బందికి చెప్పండి, వాళ్ళు వచ్చేదాకా దీపం ఆర్పి ఉంచండి. అసలు చీకటి పడగానే తెరలు మూసుకుంటే చాలావరకు ఈ పరిస్థితే రాదు. చచ్చిన పక్షిని ముట్టుకోకండి.

ఈకలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

కూడదు. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం రాలిన ఈకను దగ్గర పెట్టుకోవడమూ నేరమే, గద్దలకైతే 1940లో విడిగా మరో చట్టం వచ్చింది. సిట్కా బాటలో మా ఆవిడ తెల్లటి ఈక ఒకటి ఏరి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది, ఇంట్లో దేవుడి గూట్లో కృష్ణుడి నెమలి పింఛం పక్కన పెడతానని. నేను చెబితే నమ్మక రేంజరును అడిగింది. ఆయన నవ్వుతూనే, తీసిన చోట పెట్టేయమన్నారు. పెట్టి, ఫొటో తీసుకున్నాం. అది గద్దదేనా అని అడిగితే ఆయన వంగి చూసి, గల్‌ది అన్నారు.